కడుపులోని బిడ్డకు కిడ్నీ వాపు: భయపడరాదు, మరువరాదు

అయిదవ నెలలో స్కానింగు చేయించుకొని వచ్చిన గర్భిణి చేతిలో ఒక కాగితం ఉన్నది. బిడ్డ తల, గుండె, వెన్నెముక సక్రమంగా ఉన్నవని అందులో వ్రాసినారు. చివరన మాత్రం ఎడమ మూత్రపిండంలో కొద్దిపాటి ఉబ్బు కనిపించినదని ఒక వాక్యం చేర్చినారు. వైద్యులు దానిని వాడుక మాటలో "కిడ్నీ వాపు" అన్నారు. ఇల్లు చేరేసరికి ఆ మాట "బిడ్డ కిడ్నీ చెడిపోయినదట" అని మారిపోయినది.

ఇక్కడి నుండి కుటుంబాలు సాధారణంగా రెండు త్రోవలు పడతాయి. కొందరు నిద్రాహారాలు మాని, ఊరూరా తిరిగి, కనిపించిన ప్రతివారినీ మందు అడుగుతారు. మరికొందరు "పుట్టిన తరువాత చూద్దాం" అని కాగితాన్ని పెట్టెలో పెడతారు. బిడ్డ పుట్టి, బొద్దుగా పాలు త్రాగుతుంటే ఆ కాగితం సంగతే మరచిపోతారు. ఈ రెండూ పొరపాట్లే. ఈ ఉబ్బులో అధిక భాగం తనంతట తానే సర్దుకొంటుంది. కొద్ది భాగం మాత్రం పైకి ఏ బాధా చూపకుండా లోలోపల మూత్రపిండాన్ని క్షీణింపజేస్తుంది. ఏది ఏ కోవకు చెందినదో పైకి చూచి ఎవరూ చెప్పలేరు. గడువు తప్పకుండా చేయించిన పరీక్షలే చెప్పగలవు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

మన జిల్లాలలో మారిన పరిస్థితి

ఒకప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలలో బిడ్డ పుట్టేవరకు గర్భంలోని స్థితి తెలిసే మార్గం లేదు. తరచు జ్వరంతోనో, ఎదుగుదల లేకనో ఆసుపత్రికి చేరిన తరువాతనే మూత్రపిండం పాడైనదన్న సంగతి బయటపడేది. స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు గర్భంలోని శిశువును ధ్వని తరంగాలతో చూడవచ్చునని 1958లో ప్రకటించినాడు. ఆ విద్య నేడు మన ముంగిటికి వచ్చినది. 2022 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం 44 ప్రభుత్వ ఆసుపత్రులలో 56 టిఫా స్కానింగు యంత్రాలను ప్రారంభించినది. శిశువు అవయవ లోపాలను ప్రత్యేకంగా వెదకే స్కానింగుకు టిఫా అని పేరు. దీనిని 18 నుండి 22 వారాల మధ్య చేయించుకోవడం మేలు.

పాత రెండు జిల్లాలు 2016లో విభజింపబడిన తరువాత వైద్య కళాశాలలు కూడ విస్తరించినవి. ఆదిలాబాద్‌లోని రిమ్స్ 2008 నుండి ఉన్నది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలలోను, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడినవి. కనుక "మా కాలంలో ఈ జబ్బులు లేవే" అని పెద్దలు ఆశ్చర్యపడవలసిన పని లేదు. ఆ కాలంలోనూ ఉన్నవి, చూచే సాధనమే లేదు.

మూత్రవహ స్రోతస్సు

ఆయుర్వేదం మూత్రం పుట్టి ప్రవహించే మార్గాన్ని మూత్రవహ స్రోతస్సు అన్నది. హృదయం, శిరస్సులతో పాటు వస్తిని, అనగా మూత్రాశయాన్ని, మూడు ప్రధాన మర్మాలలో ఒకటిగా చరకుడు పేర్కొన్నాడు. వృక్కములు, వస్తి తల్లి నుండి సంక్రమించే మాతృజ భావాలలో చేరినవని కూడ చరక సంహిత శారీర స్థానం చెప్పినది. మెడవరకు నీటిలో ముంచిన క్రొత్త కుండ ప్రక్కల నుండి నీరు ఊరి నిండినట్లు వస్తి నిండుతుందని సుశ్రుతుడు పోల్చి చెప్పినాడు.

నేటి శరీర శాస్త్రం ప్రకారం రక్తం నుండి మూత్రాన్ని వడకట్టేది మూత్రపిండం. ఒక్కొక్క పిండంలో సుమారు పది లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రాలు ఉంటాయి. వీటి నిర్మాణం గర్భంలోనే, సుమారు 36వ వారానికి పూర్తవుతుంది. పుట్టిన తరువాత క్రొత్తవి ఏర్పడవు. కాబట్టి పోయినవి తిరిగి రావు. వడకట్టిన మూత్రం పిండం నడుమ ఉన్న దొన్నె వంటి భాగంలోనికి చేరుతుంది. దానికి ద్రోణి అని పేరు. ద్రోణి నుండి సన్నని మూత్రనాళం గుండా మూత్రాశయానికి, అక్కడి నుండి బయటకు పోతుంది. ఈ దారిలో ఎక్కడ ఇరుకు ఏర్పడినా, లేక మూత్రం వెనుకకు తన్నినా పైభాగం సాగి ఉబ్బుతుంది. చెరువు తూము మూసుకొంటే నీరు వెనుకకు ఎగదన్నినట్లే. వాడుకలో వాపు అన్నప్పటికీ, ఇది దెబ్బ తగిలినచోట వచ్చే వాపు వంటిది కాదు, మూత్రం నిలిచి సాగిన ఉబ్బు.

గర్భస్థ శిశువు మూడవ నెల నుండియే మూత్రం విసర్జిస్తుంది. నాలుగవ నెల దాటిన తరువాత ఉమ్మనీటిలో అధిక భాగం ఈ మూత్రమే. రక్తంలోని మలినాలను తొలగించే పనిని అప్పటికి మాయయే నిర్వహిస్తుంది. అయినను శిశువు మూత్రం అవసరమే. ఉమ్మనీరు తగినంత లేనిచో బిడ్డ ఊపిరితిత్తులు ఎదగవు. అందుచేత వైద్యుడు కిడ్నీ ఉబ్బును చూచిన వెంటనే ఉమ్మనీటిని కూడ కొలుస్తాడు.

మిల్లీమీటర్ల లెక్క

ద్రోణి ముందు నుండి వెనుకకు ఎంత వెడల్పు ఉన్నదో స్కానింగులో కొలుస్తారు. 2014లో పలు వైద్య సంఘాలు కలిసి అంగీకరించిన పద్ధతి ప్రకారం 16 నుండి 27 వారాల మధ్య ఆ కొలత 4 మిల్లీమీటర్లకు లోపు ఉంటే సహజం. 28 వారాలు దాటిన తరువాత 7 మిల్లీమీటర్లకు లోపు సహజం. 27 వారాలలోపు 4 నుండి 7 లోపు, 28 వారాల తరువాత 7 నుండి 10 లోపు ఉంటే స్వల్ప ఉబ్బు. అంతకు మించినచో ఎక్కువ జాగ్రత్త అవసరం. పుట్టిన రెండు రోజుల తరువాత చేసే స్కానింగులో 10 మిల్లీమీటర్లలోపు సహజంగాను, 15 దాటినచో విశేషంగాను పరిగణిస్తారు.

అయితే కొలత ఒక్కటే సర్వస్వం కాదు. ద్రోణికి పైనున్న చిన్న గిన్నెల వంటి భాగాలు కూడ సాగినవా, పిండపు కండ పలుచబడినదా, మూత్రనాళం కనిపిస్తున్నదా, మూత్రాశయపు గోడ మందమైనదా, ఉబ్బు ఒకవైపా రెండువైపులా అన్నవి చూడాలి. బిడ్డ మూత్రాశయం నిండి ఉన్నప్పుడు కొలత కొంత పెరిగి, ఖాళీ అయినప్పుడు తగ్గవచ్చును. కనుక ఒకనాటి అంకెను పట్టుకొని జీవితాంతపు తీర్పు చెప్పరాదు.

కారణాలు ఏమిటి?

నూరు గర్భాలలో ఒకటి రెండింటిలో ఈ ఉబ్బు కనిపిస్తుంది. వానిలో సగానికి పైగా తాత్కాలికమైనవే. బిడ్డ పెరిగినకొద్దీ దారి విశాలమై ఉబ్బు తగ్గిపోతుంది. మిగిలిన కారణాలలో ముఖ్యమైనవి ఇవి:

ఒకటి, ద్రోణి మూత్రనాళంతో కలిసే చోట ఇరుకు ఉండుట.

రెండు, మూత్రాశయం నుండి మూత్రం తిరిగి పైకి తన్నుట. దీనివలన మూత్రంలో చీము, జ్వరం మాటిమాటికి రావచ్చును.

మూడు, మూత్రనాళం మూత్రాశయంలో ప్రవేశించే చోట ఇరుకు ఏర్పడి నాళమంతా సాగుట.

నాలుగు, మగశిశువులలో మాత్రమే కనిపించే లోపం. మూత్రాశయం నుండి బయటకు పోయే మార్గంలో పలుచని పొరలు కవాటాల వలె అడ్డుపడతాయి. ఇది అరుదైనదే కాని మిగిలిన అన్నింటికన్న ప్రమాదకరమైనది. రెండు మూత్రపిండాలూ ఒక్కసారిగా దెబ్బతింటాయి.

ఇవి గర్భంలో అవయవాలు రూపొందే వేళ ఏర్పడే లోపాలు. తల్లి గ్రహణం చూచినందువలననో, ఫలానా పదార్థం తిన్నందువలననో ఇవి రావు. కోడలిని నిందించుట అన్యాయం.

పుట్టుకకు ముందు కర్తవ్యం

స్వల్ప ఉబ్బు ఉన్నచో 32 వారాల ప్రాంతంలో మరల ఒకసారి స్కానింగు చేయించాలి. ఉబ్బు ఎక్కువైనా, రెండువైపులా ఉన్నా వైద్యుడు ఇంకా తరచుగా చూస్తాడు. ఒకవైపు మాత్రమే ఉబ్బి, ఉమ్మనీరు సరిగా ఉంటే నెలలు నిండకముందే కాన్పు చేయించవలసిన అవసరం లేదు. ఈ ఒక్క కారణం చేత పెద్ద ఆపరేషను కూడ అక్కరలేదు. నెలలు నిండి పుట్టిన బిడ్డకే మూత్రపిండాల బలం ఎక్కువ.

గర్భంలోనే శస్త్రచికిత్స చేయవచ్చునా అని కొందరు అడుగుతారు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మైకేల్ హారిసన్ బృందం 1981లో అట్టి ప్రయత్నం చేసినది. మూత్రాశయ మార్గం పూర్తిగా మూసుకొని ఉమ్మనీరు తగ్గిన అరుదైన సందర్భాలలోనే దానిని ఆలోచిస్తారు. అట్లు చేసినను మూత్రపిండాలు నిలుస్తాయన్న భరోసా తక్కువ. అత్యధిక సంఖ్యాకులకు పుట్టిన తరువాతి చికిత్సయే సరియైనది.

మగశిశువుల లోపం సంగతి విని, బిడ్డ ఆడా మగా అని వైద్యుని అడుగరాదు. 1994 నాటి చట్టం ప్రకారం లింగ నిర్ధారణ చేసి చెప్పుట నేరం. రెండువైపులా ఉబ్బి మూత్రాశయం పెద్దదిగా కనిపించినచో చేయవలసినది వైద్యునికి తెలుసు. ఆ సమాచారం కుటుంబానికి చెప్పకయే చికిత్స సాగుతుంది.

గర్భిణి ఆహార విహారాలు

సుశ్రుత సంహిత శారీర స్థానంలో గర్భిణికి ఆరవ నెలలో పల్లేరుతో సిద్ధం చేసిన నేతిని గాని, యవాగువును గాని విధించినారు. గర్భిణికి మూత్ర మార్గ రక్షణ అవసరమని పూర్వులు గుర్తించినారనుటకు ఇది నిదర్శనం. అయితే అది తల్లి కొరకు చెప్పిన నియమం. తల్లి పల్లేరు సేవించినంత మాత్రాన బిడ్డ మూత్రనాళంలోని ఇరుకు విప్పుకోదు. పల్లేరు మూత్రాన్ని జారీ చేసే ద్రవ్యం. ఔషధ మోతాదులో వాడదలచినవారు అర్హుడైన వైద్యుని పర్యవేక్షణలోనే, ప్రసూతి వైద్యునికి తెలిపియే వాడాలి.

ఇంటిలో నిర్భయంగా చేయదగినవి వేరుగా ఉన్నవి. రామగుండం, ఆదిలాబాద్ ప్రాంతాలలో వేసవి ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ రోజులలో గర్భిణి నీరు తక్కువ త్రాగితే మూత్రం మంట, మూత్రంలో చీము త్వరగా వస్తాయి. కాచి చల్లార్చిన నీరు, పలుచని మజ్జిగ, బార్లీ జావ, జొన్న అంబలి, లేత కొబ్బరినీరు మంచివి. రాత్రి ఒక చెంచా ధనియాలు నానబెట్టి ఉదయం వడకట్టిన నీరు మంటను కొంత శమింపజేస్తుంది. మూత్రం వచ్చినప్పుడు ఆపుకొనరాదు. వేగధారణ వ్యాధికి మూలమని చరకుడు హెచ్చరించినాడు. మంటతో పాటు చలిజ్వరం, నడుము ప్రక్క నొప్పి ఉంటే గృహవైద్యంతో కాలయాపన చేయక మూత్రపరీక్ష చేయించాలి.

మరొక సంగతి. గర్భిణి తనకే స్కానింగులో కుడి మూత్రపిండం ఉబ్బినట్లు కనిపించుట సర్వసాధారణం. పెరిగిన గర్భాశయం కుడివైపునకు ఒరిగి మూత్రనాళాన్ని ఒత్తుటయే దానికి ప్రధాన కారణం. నొప్పి, జ్వరం లేనిచో కాన్పు తరువాత అది తగ్గిపోతుంది. కాగితంలో వ్రాసినది తల్లి మూత్రపిండమా, బిడ్డ మూత్రపిండమా అన్నది వైద్యుని అడిగి స్పష్టంగా తెలుసుకోవాలి.

వాడకూడనివి కూడ తెలుసుకొందాం. అయిదవ నెల తరువాత డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు బిడ్డ మూత్రపిండాల పనిని తగ్గించి ఉమ్మనీటిని తగ్గిస్తాయి. నడుము నొప్పికి సూది వేయించుకొనేముందు గర్భవతినని తప్పక చెప్పాలి. రాళ్ళకు వాడే కొండపిండి ఆకు, గలిజేరు కషాయాలను గర్భిణి స్వంతంగా సేవించరాదు. గాడిదగడప, ఈశ్వరి మొక్కలలో మూత్రపిండాలను శాశ్వతంగా చెడగొట్టే ఆమ్లం ఉన్నదని శాస్త్రం నిర్ధారించినది. వీనిని గర్భిణికి గాని, నులిపురుగులకని పిల్లలకు గాని ఇవ్వరాదు. ఎవరు తయారు చేసినారో తెలియని భస్మాలనూ దూరంగా ఉంచాలి.

తల్లిగారింటికి పోయే వేళ

మన ప్రాంతంలో తొలి కాన్పు తల్లిగారింట జరుగుట ఆచారం. ఇది మంచి ఆచారమే. కాని ఈ విషయంలో ఒక చిక్కు ఉన్నది. ఉదాహరణకు కరీంనగర్‌లో కాపురముంటున్న స్త్రీకి అక్కడి వైద్యుడు స్కానింగులో ఉబ్బును గుర్తించినాడనుకొందాం. ఏడవ నెలలో ఆమె నిర్మల్ దగ్గరి పుట్టింటికి పోతుంది. స్కానింగు కాగితం అత్తగారింటి అలమరలో ఉండిపోతుంది. కాన్పు చేసిన వైద్యునికి ఆ సంగతే తెలియదు. ఇరవై ఒకటవ రోజున తొట్టెల వేడుక ఘనంగా జరుగుతుంది. బిడ్డకు స్కానింగు మాత్రం జరుగదు. అయిదవ నెలలో బిడ్డతో తిరిగి కాపురానికి వస్తారు. అప్పటికి చూడవలసిన గడువులన్నీ గడచిపోతాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఒక కాగితం ఒక ఊరిలో, బిడ్డ మరొక ఊరిలో ఉండుటయే కారణం.

కనుక చీరెసారెలతో పాటు స్కానింగు కాగితాలన్నీ సంచిలో పెట్టాలి. తల్లీబిడ్డల రక్షణ కార్డు మొదటి పుటలో "బిడ్డకు కిడ్నీ ఉబ్బు, పుట్టిన తరువాత స్కానింగు అవసరం" అని పెద్ద అక్షరాలతో వ్రాయించాలి. రెండు ఊర్ల ఆశా కార్యకర్తలకు చెప్పాలి. భర్త గల్ఫులోనో, భివండిలోనో ఉన్నచో ఆ కాగితాల ఫోటో అతని ఫోనులోనూ ఉండాలి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు జరిగే ప్రత్యేక పరీక్షలలో కూడ ఈ కాగితం చూపాలి.

పుట్టిన తరువాత

పుట్టిన మొదటి రెండు రోజులు బిడ్డ శరీరంలో నీరు తక్కువగా ఉండుట వలన ఉబ్బు ఉన్నను స్కానింగులో కనిపించకపోవచ్చును. అందువలన సాధారణంగా రెండు రోజులు గడచిన తరువాత, మొదటి వారంలోపు స్కానింగు చేస్తారు. భారత శిశు మూత్రపిండ వైద్యుల సంఘం 2013లో సవరించిన మార్గదర్శకాలు కూడ ఇట్లే సూచించినవి. ఈ మొదటి స్కానింగు సహజంగా ఉన్నను 4 నుండి 6 వారాల మధ్య మరొకటి తప్పనిసరి. ఈ రెండవ స్కానింగునే చాలామంది వదలివేస్తారు. రెండూ సహజంగా ఉన్ననే నిశ్చింత.

రెండువైపులా ఎక్కువ ఉబ్బు ఉన్నను, ఉమ్మనీరు తగ్గినను, మగశిశువులో కవాటాల అనుమానం ఉన్నను రెండు రోజులు ఆగరాదు. వెంటనే స్కానింగు చేసి, అవసరమైతే మూత్రాశయంలో సన్నని గొట్టం వేస్తారు. తరువాత సూక్ష్మమైన దుర్బిణితో అడ్డుపొరలను తొలగిస్తారు. అట్టి కాన్పు శిశు శస్త్రవైద్యులు ఉన్న పెద్ద ఆసుపత్రిలో జరుగునట్లు ముందే ఏర్పాటు చేసుకోవాలి.

ఉబ్బు మిగిలిన బిడ్డకు రెండు పరీక్షలు అవసరం కావచ్చును. మొదటిది, మూత్రాశయంలో రంగుమందు నింపి, మూత్రం వెనుకకు తన్నుతున్నదేమో ఎక్స్‌రేలో చూచుట. రెండవది, స్వల్ప మోతాదులో రేడియో ధార్మిక ద్రవ్యం ఇచ్చి, ఏ పిండం ఎంత పని చేస్తున్నది, మూత్రం ఎంత త్వరగా జారుతున్నది అని కొలుచుట. రెండవ పరీక్షను సాధారణంగా ఆరు వారాల తరువాత చేస్తారు. రెండు పిండాలు చెరి సగం పని చేయుట సహజం. ఉబ్బిన పిండం వాటా 40 శాతానికి దిగువకు పడినా, వరుస పరీక్షలలో తగ్గుతూ వచ్చినా శస్త్రచికిత్స ఆలోచిస్తారు. ద్రోణి వద్ద ఇరుకును కోసి తొలగించి తిరిగి కుట్టే పద్ధతిని ఆండర్సన్, హైన్స్ అనే వైద్యులు 1949లో వెల్లడించినారు. నేటికీ అదే ప్రధాన పద్ధతి. నూటికి తొంభైకి పైగా సత్ఫలితమిస్తున్నది.

కొందరు పిల్లలకు మూత్రంలో చీము చేరకుండా ప్రతి రాత్రి చిన్న మోతాదులో మందు ఇవ్వమని వైద్యులు చెబుతారు. బిడ్డ చక్కగా ఉన్నాడని దానిని మధ్యలో మానరాదు. మందు వలననే చక్కగా ఉండవచ్చును.

హైదరాబాద్‌లోని నిలోఫర్ ఆసుపత్రి పిల్లల వైద్యానికి ప్రసిద్ధం. కరీంనగర్ నుండి హైదరాబాద్ సుమారు 160, ఆదిలాబాద్ నుండి సుమారు 300 కిలోమీటర్లు. స్కానింగులు జిల్లాలోనే చేయించుకొని, ప్రత్యేక పరీక్షలకు మాత్రమే దూరం పోతే ఖర్చు తగ్గుతుంది. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచినారు. తమ బిడ్డ చికిత్సకు అది వర్తించునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి.

ఇంటిలో గమనించవలసినవి

పుట్టిన బిడ్డ ఒకరోజులోపు, ఆలస్యమైనను రెండు రోజులలోపు మూత్రం పోయాలి. వారం గడచిన తరువాత రోజుకు కనీసం ఆరుసార్లు గుడ్డ తడపాలి. మగబిడ్డ మూత్రం ధారగా పడాలి. బొట్లు బొట్లుగా పడుతున్నా, ముక్కి ముక్కి పోస్తున్నా వైద్యునికి చూపాలి. స్నానం చేయించే పెద్దలు దీనిని అందరికన్న ముందు కనిపెట్టగలరు. వారు మగబిడ్డ ముందుతోలును బలవంతంగా వెనుకకు లాగరాదు. పొట్టను గట్టిగా పిసుకరాదు.

మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినచో అదే రోజు ఆసుపత్రికి తీసుకొని పోవాలి. పాలు త్రాగకపోవుట, వాంతులు, మత్తుగా పడి ఉండుట, పొట్టలో గడ్డ తగులుట, బరువు పెరగకపోవుట కూడ ప్రమాద సూచనలే. "దిష్టి తగిలినది, పండ్లు వస్తున్నవి" అని ఆగరాదు. మందు మొదలుపెట్టకముందే మూత్రపరీక్ష జరిగేటట్లు చూడాలి. బిడ్డకు కిడ్నీ ఉబ్బు ఉన్నదని వైద్యునికి మొదటనే చెప్పాలి.

ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప వేరొకటి అక్కరలేదు. వస, ఆముదం, కషాయాలు, చక్కెర నీళ్ళు పోయరాదు. బాలింతకు పథ్యం పేరుతో నీరు తగ్గించరాదు. దాహమైనంత త్రాగిననే పాలు సమృద్ధిగా వస్తాయి. ఆరు నెలలు దాటిన బిడ్డకు మలబద్ధం లేకుండ చూడాలి. మలం గట్టిపడితే మూత్రాశయం సరిగా ఖాళీ కాక చీము చేరుతుంది. మగ్గిన అరటిపండు, నానబెట్టి పిసికిన కిస్‌మిస్ రసం, మెత్తని పప్పు, ఆకుకూర ఇందుకు సరిపోతాయి. ఆడపిల్లలను ముందు నుండి వెనుకకు కడగాలి.

ఔషధానికి హద్దు

మూత్రం అడ్డగింపబడే వ్యాధులను మూత్రాఘాతములని పేర్కొని, చరకుడు పదమూడు, సుశ్రుతుడు పన్నెండు విధాలు చెప్పినారు. ఆ సుశ్రుతుడే ఔషధానికి లొంగని అశ్మరికి శస్త్రకర్మను విధించినాడు. దారి మూసుకొన్న చోట మూత్రాన్ని అధికం చేసే మందు ఇచ్చుట, తూము తెరవక చెరువులోనికి ఇంకా నీరు వదలుట వంటిది. కట్ట తెగుతుంది. కాబట్టి పుట్టుకతో వచ్చిన అడ్డును కషాయంతో కరిగిస్తామని చెప్పేవారిని నమ్మరాదు. ఉబ్బు తనంతట తగ్గిన పిల్లలను చూపి అది తమ మందు మహిమ అని వారు చెప్పుకొనవచ్చును. సగానికి పైగా బిడ్డలలో అది ఏ మందూ లేకయే తగ్గుతుందన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

గృహవైద్యం గొప్పతనం మరొక చోట ఉన్నది. తల్లికి తగిన నీరు, బిడ్డకు తల్లిపాలు, శుభ్రత, మూత్రధార మీద ఒక కన్ను, జ్వరం వస్తే జాగు చేయని బుద్ధి, భద్రంగా దాచిన కాగితం, తప్పని గడువు. ఇవన్నీ ఇంటివారి చేతిలోనే ఉన్నవి. రెండు రోజుల తరువాత ఒకసారి, నెల దాటిన తరువాత మరొకసారి చేయించిన స్కానింగు అధిక సంఖ్యలో బిడ్డలకు ఇక భయం లేదని చెబుతుంది. మిగిలిన కొద్దిమందికి మూత్రపిండం పోకముందే దారి చూపుతుంది.